మూగదాని తోడు

డాక్టరు ఆ అమ్మాయి కంటిరెప్పను వేలితో పైకెత్తి చూపించాడు. తనంతట తాను లేచే స్థితి ఆ రెప్పకు లేదు.

రెప్ప కింద కన్ను మాత్రం నిద్రపోవడం లేదు. అది డిటెక్టివ్ మొహంలోకి సూటిగా చూస్తోంది.

"మత్తులో లేదండీ," అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "పూర్తి మెలకువలో ఉంది. మన మాటలన్నీ వింటోంది. సూది గుచ్చితే తెలుస్తోంది. ఒంట్లో ఒక్క కండరం కూడా ఆ పిల్ల మాట వినడం లేదు, అంతే. ఊపిరి యంత్రం పోస్తోంది. నిన్నటిదాకా గుండె బాగానే కొట్టుకుంది. పొద్దుటి నుంచి అదీ తడబడుతోంది. లోపలికి ఏం వెళ్ళిందో తెలిస్తే ఏదో ఒకటి చేస్తాం. తెలియకపోతే ఇలా చూస్తూ కూర్చోవడమే."

డాక్టరు వేలు తీశాడు. కన్ను డిటెక్టివ్‌నే చూస్తూ చూస్తూ రెప్ప కిందికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా శవాలు చూసి చూసి మొద్దుబారిన మనిషి ఆమె. అయినా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

మంచం పక్కన ఉన్నది ఆ అమ్మాయి అక్క. ప్రైవేటు డిటెక్టివ్‌ను పిలిపించింది ఆవిడే.

"మొన్న ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. 'అక్కా, కంప్యూటర్లో అక్షరాలు రెండు రెండుగా కనబడుతున్నాయే' అని నవ్వింది. 'కళ్ళజోడు మార్చుకోవే మొద్దూ' అన్నాను. కాసేపటికి మళ్ళీ చేసింది. మాట ముద్దముద్దగా వస్తోంది. తాగిందేమో అనుకుని తిట్టి పెట్టేశానండీ." ఆవిడకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. "ఎవరు చేశారో తర్వాత చెప్పినా పర్లేదు. ఏం పట్టుకుందో ముందు చెప్పండి. సాయంత్రం దాకా ఉంటుందో లేదో అంటున్నారు, ఆ తర్వాత చెప్పినా నాకెందుకు?"

---

ఆ అమ్మాయి పనిచేసే చోటికి డిటెక్టివ్ వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆ అమ్మాయి కుర్చీలో, తన సొంత ఇంట్లో కూర్చున్నంత తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఈ ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్‌కు స్వయానా మరిది. భర్త తమ్ముడు. ఇద్దరికీ ఒకే కేసు తగిలినప్పుడల్లా ఇంట్లో వారం రోజులు మాటలుండవు.

"వచ్చావా వదినా! అనవసరంగా శ్రమపడ్డావ్. ఇక్కడ కేసూ లేదు, గీసూ లేదు." కిటికీ దగ్గరి చిన్న బల్ల మీది సీసాలోంచి చెంచాడు పంచదార తీసి నోట్లో పోసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఈ మరిది కోసం ఆమె పంచదార డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసేది.

"పొద్దున్నుంచి ఇదేనా పని? ఆధారాలు కూడా తినేస్తున్నావేంటి?"

"కేసే లేనప్పుడు ఆధారాలెక్కడివి? అయినా దీన్ని అందరూ రోజూ వాడుతున్నారు. అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు." ఇంకో చెంచా తీశాడు. "విను. చిట్టికి నిద్ర లేదు, తిండి లేదు, చేసిన ప్రయోగాలన్నీ తన్నేశాయి, మనసు కుంగిపోయి తనంతట తనే ఏదో మింగింది. నలుగురు సాక్షులు. నాలుగు వాంగ్మూలాలూ ఒక్కలాగే ఉన్నాయి. ఇంతకంటే ఏం కావాలి నీకు?"

చిట్టి అన్నది అక్కడ ఆ అమ్మాయికి పెట్టుకున్న ముద్దుపేరు.

"ఒక్కలాగే ఉన్నాయా?" అంది డిటెక్టివ్. "నాకు నచ్చనిది అదే."

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించుకున్నాడు. వదిన ఆ గొంతుతో మాట్లాడితే తన ఫైలు మూతపడదని అతనికి అనుభవమే.

అది ప్రయోగశాల బయటి గది. లోపల తినకూడదు, తాగకూడదు కాబట్టి అందరి బల్లలూ, కాఫీ సరంజామా ఇక్కడే. కిటికీ దగ్గర మైక్రోవేవ్, కాఫీ పొడి, పంచదార సీసా. దాన్ని ఆనుకునే చిట్టి బల్ల. బల్ల కింది చెత్తబుట్టలో పిండేసిన నిమ్మచెక్కలు ఎండి ముడుచుకున్నాయి. బల్ల మీద పొడుగాటి గాజు గ్లాసు బోర్లించి ఉంది.

ప్రయోగశాలకు పెద్ద ఒక ప్రొఫెసర్. పొట్టి మనిషి, పెద్ద కళ్ళజోడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టి తీస్తున్నాడు. డిటెక్టివ్‌ను చల్లగదిలోకి తీసుకెళ్ళాడు.

తలుపు మూసుకోగానే బయటి చప్పుళ్ళన్నీ తెగిపోయాయి. నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా వేలెడు గొట్టాలు. ప్రతి గొట్టానికీ చిన్న చీటీ, చీటీ మీద చేత్తో రాసిన పేరు. సోమరి. గుడ్డిది. దొంగ. చుట్టం. పాలపిల్ల. మనుషుల్ని పిలిచినట్టున్న ఆ పేర్లు చదువుతూ నడుస్తుంటే, వెనక ఎవరో పలుకుతారేమోనన్న బెరుకు ఆమెను పట్టుకుంది. 

"ఇవన్నీ బాక్టీరియాల్లో దొరికిన ప్రోటీన్లు," అన్నాడు ప్రొఫెసర్. "ఉన్నాయని తెలుసు. ఏం చేస్తాయో ఎవరికీ తెలీదు. పని తెలిసేదాకా పిల్లలు వాటికి ఏదో ముద్దుపేరు పెట్టుకుంటారు. పని తెలిశాక అసలు పేరు."

"పని ఎలా కనిపెడతారు?"

"కొత్తగా వచ్చిన మనిషి గురించి ఎలా ఆరా తీస్తామో అలాగే. ఎవరి పోలిక? ఏ ఆకారం? ఇరుగుపొరుగు ఎవరు? పోలిక చూడటం యంత్రం పని. దాన్ని నడిపేవాడు మా జోస్యుడు. ఏ ప్రోటీన్ ఏం చేస్తుందో ముందే చెబుతాడని అందరం అలాగే పిలుస్తాం. చిట్టి పొరుగు చూసేది. బాక్టీరియాలో కలిసి పనిచేసే వాటి జన్యువులు మామూలుగా పక్కపక్కనే కాపురముంటాయి. పక్కవాడు ఎవడో తెలిస్తే వీడెవడో తెలుస్తుంది."

"చిట్టి చివరిసారి ఎవరి పొరుగు చూసింది?"

ప్రొఫెసర్ ఒక అర దగ్గర ఆగాడు. "దీనిది. బురదలో దొరికిన ఒక బాక్టీరియాది." చీటీ మీద 'మూగది' అని ఉంది. "చిట్టే పెట్టింది పేరు. ఏ పరీక్షకీ జవాబు చెప్పలేదని. తర్వాత యంత్రం తేల్చింది, ఇది పంచదారను విరిచే ప్రోటీన్ అని. పండ్ల రసాల ఫ్యాక్టరీ ఒకటి దీన్ని తీసుకుంటోంది. సోమవారం సంతకాలు." గొట్టాన్ని వెలుతురుకి పెట్టి కనుబొమలు ముడిచాడు. "ఇదేంటి? ఎండబెట్టిన పొడి నిండుగా ఉండాలే. సగమే ఉంది."

పక్కన గొట్టం పెట్టే గుంట ఖాళీగా ఉంది. గుంట కింద అతికించిన చీటీ మీద 'తోడు' అని రాసుంది.

"ఇది?"

"మూగదాని పొరుగు. దాని విశేషం సోమవారం మీటింగులో చెబుతానంది." ప్రొఫెసర్ ఆ ఖాళీ గుంటలో వేలు పెట్టి చూశాడు, కంటితో చూస్తే నమ్మకం కుదరనట్టు. "మొన్నటిదాకా ఇక్కడే ఉంది."

డిటెక్టివ్ ఆయన వైపు తిరిగింది. "చిట్టి కుంగిపోయి ఉందని వాంగ్మూలం ఇచ్చారు మీరు."

"అవునండీ. పాపం బాగా దిగులు పడిందట."

"పడిందట? మీరు చూశారా?"

"నేనా... నేను చూసినప్పుడల్లా నవ్వుతూనే ఉంది. జోస్యుడు చెప్పాడు."

మిగతా ఇద్దరు సాక్షుల్నీ ఆమె నిలబెట్టి అదే ప్రశ్న అడిగింది. పక్క బల్ల అమ్మాయికి జోస్యుడు చెప్పాడు. గేటు దగ్గరి కాపలా మనిషికి పక్క బల్ల అమ్మాయి చెప్పింది. నాలుగో సాక్షి జోస్యుడే. నలుగురు అనుకున్న చోట తేలింది ఒక్కడు. మరిది కట్టిన కేసంతా ఒక్క నోటి మాట మీద నిలబడింది.

---

జోస్యుడు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని చొక్కాలో వచ్చాడు. చంకలో స్టీలు ఫ్లాస్కు. గుమ్మంలో అడుగు పెట్టగానే అతని చూపు ఇన్‌స్పెక్టర్ నోట్లో ఉన్న చెంచా మీద పడి అక్కడే అంటుకుపోయింది. తర్వాత మర్యాదగా నమస్కారం చేసి ఎదురుగా కూర్చున్నాడు. ఫ్లాస్కు మోచేతి పక్కన పెట్టుకున్నాడు.

"చిట్టి నాకు చెల్లెలు లాంటిదండీ. అన్నయ్యా అనే పిలిచేది."

"మీ యంత్రం ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

అతను ఈ ప్రశ్న ఊహించలేదు. "నా యంత్రమా? లక్షల ప్రోటీన్లకు పని చెప్పింది. ప్రపంచమంతా దాని మాటే రాసుకుంటోంది."

"అది అడగలేదు."

"తప్పు చెప్పదండీ." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కొడుకును వెనకేసుకొచ్చే తండ్రి గొంతులా ఉంది.

"మా వదిన సంగతి మీకు తెలీదులెండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, వాతావరణం తేలిక చేద్దామని. "ఈవిడకి ఉప్పు చూసినా విషమే, నీళ్ళు చూసినా విషమే."

"విషమా?" జోస్యుడు నవ్వాడు. "మేమందరం ఈ పంచదారే వాడతామండీ. కావాలంటే ఇప్పుడే చూడండి." లేచి కప్పులో పాలు, పొడి, రెండు చెంచాల పంచదార వేసి మైక్రోవేవ్‌లో పెట్టాడు. కాఫీ పొంగి అంచుల మీదుగా కారింది. బయటికి తీసి కలిపి, మళ్ళీ లోపల పెట్టాడు. రెండోసారి కూడా పొంగనిచ్చాడు. "నాకు నాలుక కాలాలండీ," అంటూ ఊదుకుంటూ తాగాడు. కప్పు ఖాళీ చేసి బోర్లించి చూపించాడు.

విషం ఊసు ఎత్తింది మరిది. పంచదార ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అడగని ప్రశ్నకు జవాబొచ్చింది. డిటెక్టివ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, ఊరికే గాలి కోసమన్నట్టు.

అప్పుడు చూసింది చీమల్ని.

సీసా చుట్టూ ఒలికిన పంచదార పలుకుల దగ్గర్నుంచి కిటికీ చెక్క మీదుగా గోడ పగులు దాకా చీమల బారు. ఎక్కడైనా ఉండేదే. కానీ ఈ బారు నడవడం లేదు. ఏ చీమకా చీమ, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయి ఉంది. నోట పలుకు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. ఆమె వంగి ఊదింది. నాలుగు చీమలు పక్కకి పడ్డాయి. పడినవి పడ్డట్టే, కాళ్ళు గాల్లోకి పెట్టి ఉండిపోయాయి. చచ్చిపోయాయేమో అనుకుని భూతద్దం తీసింది.

చావలేదు. ప్రతి చీమ మీసమూ సన్నగా, ఉండీ లేనట్టు వణుకుతోంది.

ఆమెకు ఆస్పత్రిలో రెప్ప కింద చూసిన కన్ను గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చెత్తబుట్టలోంచి ఎండిన నిమ్మచెక్క ఒకటి తీసి అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టింది.

"ప్రొఫెసర్‌గారూ, చిట్టి కాఫీ తాగేదా?"

"అబ్బే. కాఫీ వాసన పడదు. చల్లటి నిమ్మనీళ్ళే, పంచదార బాగా దట్టించి. మేమంతా ఏడిపించేవాళ్ళం."

"ఇంకో ప్రశ్న. ప్రోటీన్‌ని మరిగిస్తే ఏమవుతుంది?"

"గుడ్డును ఉడకబెడితే ఏమవుతుంది? గట్టిపడుతుంది. మళ్ళీ పచ్చిగుడ్డు కమ్మంటే కాదు. ఆకారం పోతే పనీ పోతుంది..." ప్రొఫెసర్ చివరి మాట మింగేశాడు. ఆయన చూపు మైక్రోవేవ్ మీదికి, అక్కడి నుంచి బోర్లించిన కప్పు మీదికి వెళ్ళింది.

"ఈ సీసాలో మూగది ఉంది," అంది డిటెక్టివ్. "పొడి రూపంలో. పొగలు కక్కే కాఫీలు తాగేవాళ్ళకి ఏమీ కాలేదు. చల్లగా తాగే ఒక్క మనిషి పడిపోయింది. ఆ సంగతి ముందే తెలిసిన మనిషి ఇందాక మన కళ్ళముందే కాఫీని ఒకసారి కాదు, రెండుసార్లు పొంగించాడు."

"వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "ఆయనకి నాలుక కాలాలని చెప్పాడు కదా. వేడి కాఫీ తాగడం నేరమా? నలుగురు సాక్షుల్ని పక్కన పెట్టి నువ్వేమో చీమల్ని..."

"నలుగురు కాదు మరిదీ, ఒక్కడు! ఒక్కడు అన్నది ముగ్గురు మళ్ళీ అన్నారు. నువ్వు నాలుగని రాసుకున్నావ్!" ఇంటి గొంతు బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె జోస్యుడి వైపు తిరిగింది. "మీ యంత్రానికి జరిగిందీ ఇదే కదూ? మూగదానికి పంచదార విరిచేదన్న పేరు ఎలా వచ్చింది?"

ప్రొఫెసరే అందుకున్నాడు, ఒక్కో మాటా అప్పుడే అర్థమవుతున్నట్టు. "ఎప్పుడో ఎవరో ఇలాంటి ప్రోటీన్‌కి 'పంచదార విరిచేది కావచ్చు' అని రాశారు. ఆ పోలిక చూసి ఇంకొకరు అదే రాశారు. 'కావచ్చు' ఎక్కడో రాలిపోయింది. వాళ్ళని చూసి ఇంకో పదిమంది... యంత్రం చూసేసరికి అంతా ఒకే మాట. ఇంతమంది చెబితే నిజమే అనుకుంది. ఒక్కరు కూడా పరీక్ష చేసి చూడలేదు."

"చిట్టి చేసింది," అంది డిటెక్టివ్. "పొరుగు చూసింది. పక్కనే కాపురమున్నది విరుగుడని కనిపెట్టింది, కాకపోతే ఆ గొట్టం కూడా ఎందుకు మాయమవుతుంది? పంచదార విరిచేదానికి పక్కన విరుగుడెందుకు? అంటే మూగది విషం. తన విషం తనకే తగలకుండా ఆ బాక్టీరియా తోడును పక్కన పెట్టుకుంది. సోమవారం అందరికీ చెబుదామనుకుంది. ముందుగా ఒక్కరికి చెప్పింది. పరువు పోకూడదని."

జోస్యుడి చొక్కా మెడ దగ్గర చెమట మరక పెద్దదవుతోంది.

"'అన్నయ్యా, ముందు మీకే చెబుతున్నా' అంది." అన్నాడు జోస్యుడు. "ఒక్కటి తప్పని తేలితే మిగతావన్నీ తవ్వుతారండీ. లక్షల పేర్లు. నా బతుకంతా అదే. సోమవారం గడిచేదాకా నోరు లేవకపోతే చాలనుకున్నాను. గుండె దాకా పోతుందని నా యంత్రం చెప్పలేదు."

"ఫ్యాక్టరీ సీసాల్లో పోస్తే ఎన్ని ఇళ్ళకు పోయేదో చెప్పిందా నీ యంత్రం?" ప్రొఫెసర్ అరుపుకి కిటికీ అద్దం జలదరించింది. ఆ పొట్టి మనిషిలో అంత గొంతు ఉందని ఎవరూ అనుకోలేదు.

"తోడు ఎక్కడ?" అంది డిటెక్టివ్.

"పారబోశాను."

"లేదు. మూగదానితో ఆడుకునేవాడు తోడును పారబోయడు. తన ఒంట్లోకి పోతే?" ఆమె చేయి చాచి అతని మోచేతి పక్కనున్న ఫ్లాస్కును లాక్కుంది. "పక్కన ఫ్లాస్కు పెట్టుకుని, లేచి వెళ్ళి కాఫీ కాచుకున్నారే. ఇందులో ఉన్నది తాగేది కాదని అప్పుడే అనుకున్నాను."

మూత తిప్పింది. లోపల మంచుముక్కలు గలగలమన్నాయి. మంచు మధ్యలో వేలెడు గొట్టం. అందులో అడుగున నీళ్ళలాంటి ద్రవం కొంచెం. చీటీ మీది అక్షరాలు చిట్టివే.

ప్రొఫెసర్ దాన్ని అందుకుని వెలుతురుకి పెట్టాడు. "ఇదే. ఇదే తోడు. ఒక మనిషికి సరిపోతుంది. సరిగ్గా ఒక్కరికి. మళ్ళీ తయారు చేయాలంటే వారం."

"ఒక్కరికి చాలు కదా, పదండి!" అంటూ డిటెక్టివ్ ఫోన్ తీసింది. అవతల చిట్టి అక్క మొదటి మోతకే ఎత్తింది. "దొరికిందమ్మా. ఏం పట్టుకుందో తెలిసింది, మందు కూడా దొరికింది. తీసుకొస్తున్నాను. చిట్టికి వినపడుతుంది కదా, చెవిలో చెప్పు. వస్తున్నానని చెప్పు." అవతల ఆవిడ అంతసేపూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారి బద్దలైంది. ఆ ఏడుపు వింటూ డిటెక్టివ్ కళ్ళు కూడా తడిశాయి.

ఫోన్ పెట్టేసి తలెత్తింది. జోస్యుడు ఆమెను చూడటం లేదు. ఫ్లాస్కునూ చూడటం లేదు. గుమ్మంలో అడుగు పెట్టినప్పటి చూపే, మళ్ళీ ఆ చోటికే అంటుకుని ఉంది. ఆ చూపు వెంట ఆమె చూపూ వెళ్ళింది.

సగం ఖాళీ అయిన సీసా. తడి చెంచా. కుర్చీలో మరిది.

అతను లేవబోయి, బల్ల అంచు కోసం తడుముకున్నాడు. అంచుకు జానెడు అవతల చెయ్యి పడింది. ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. పంచదార పలుకులు అంటిన పెదాలతో, చిన్నప్పుడు డబ్బా దగ్గర దొరికిపోయినప్పటిలా నవ్వడానికి ప్రయత్నించాడు.

"వదినా," అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. "నువ్వేంటి... ఇద్దరు కనబడుతున్నావ్?"